చేసే చేతికి చెప్పే నోరు
అమ్మే విద్య నేర్చుకునే, నేర్పే ఉద్యమానికి ప్రారంభ ప్రణాళిక

మేం నేతన్నలం, మిర్చి రైతులం, ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టేవాళ్ళం, పచ్చళ్ళు పెట్టి అమ్ముకునేవాళ్ళం, డిగ్రీ చేతబట్టుకుని ఉద్యోగానికి తిరుగుతున్నవాళ్ళం. ఊళ్ళు తిరిగి బట్టలో బీమా పాలసీలో అమ్మి ఇల్లు నడుపుకొచ్చినవాళ్ళూ, బడిపంతుళ్ళూ మాలో ఉన్నారు. మమ్మల్ని ఒకచోటికి చేర్చిన బాధ ఒక్కటే. తెలుగు ఊళ్ళలో పనితనానికి కొదవ లేదు. దాని విలువ ఎదుటి మనిషికి అర్థమయ్యేలా చెప్పి, నాకింత కావాలని అదురూ బెదురూ లేకుండా అడిగే నేర్పుకే కొదవ. చేసేవాడు నోరు తెరవడు. నోరున్నవాడు మధ్యలో నిలబడి చేసినవాడికంటే ఎక్కువ పట్టుకుపోతాడు. ఈ లెక్క మార్చడానికే ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం.

అమ్మడం ఒక విద్య అని మేం ప్రకటిస్తున్నాం. అది పుట్టుకతో వచ్చేది కాదు, ఏ ఒక్క కులం సొత్తూ కాదు. సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది. సాధన లేకపోతే ఎంత చదివినవాడికైనా రాదు.

మన ఇళ్ళలో మాత్రం ఈ విద్యకు పరువు లేదు. కొడుక్కి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే వీధంతా స్వీట్లు పంచే ఇంట్లోనే, సేల్స్‌లో చేరానని చెబితే ‘మంచిది దొరికేదాకా చెయ్యిలే’ అంటారు. కూతురు చేరతానంటే ఆ మాట కూడా ఉండదు. ‘పదిమంది గుమ్మాలు తొక్కే పని మనకెందుకమ్మా’ అని ఆపేస్తారు. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి పని వచ్చిందంటే, ఎవరో ఒకరు ఎక్కడో ఒక కస్టమర్ ఎదురుగా గంటల తరబడి కూర్చుని ఒప్పించి తెచ్చారన్న సంగతి ఎవరికీ తట్టదు.

ఈ చిన్నచూపు మనకు మొదటి నుంచీ ఉన్నదేమీ కాదు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఖద్దరు మూటలు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి అమ్మినవాళ్ళలో చదువుకున్నవాళ్ళు, కలిగిన ఇళ్ళవాళ్ళు ఎందరో ఉన్నారు. గాంధీజీ 1929లో ఆంధ్ర జిల్లాలు తిరిగింది ఖద్దరు నిధి కోసమే. సభల్లో తనకిచ్చిన సన్మాన పత్రాలను, కానుకలను అక్కడికక్కడే వేలం వేసేవారు. తరవాతి రోజుల్లో, ఆటోగ్రాఫ్ అడిగినవాళ్ళకు హరిజన నిధికి అయిదు రూపాయలిస్తేనే సంతకం పెట్టేవారు. అడగడానికి ఆయన సిగ్గుపడలేదు. ఎందుకు అడుగుతున్నదీ దాచలేదు. మేం నేర్చుకోవాల్సింది ఈ రెండూ.

అడగడం గురించి తెలంగాణ గడ్డ మీద ఇంకో పాఠం ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి వచ్చినప్పుడు అక్కడి దళిత కుటుంబాలవాళ్ళు 80 ఎకరాలు కావాలన్నారు, 40 మాగాణి, 40 మెట్ట. ఆయన ఆ మాటే ఊరి సభలో పెట్టారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. దీన్ని మనం ఇచ్చినవాళ్ళ గొప్పతనంగానే చెప్పుకుంటూ వస్తున్నాం. అడిగినవాళ్ళ తెలివిని మేం గుర్తు చేయదలిచాం. ఎంత భూమి కావాలో, ఎలాంటి భూమి కావాలో వాళ్ళు అంకెతో సహా చెప్పారు. ‘ఏదో దయచూడండి’ అని ఊరుకుని ఉంటే ఆ సభలో లేచి నిలబడేవాడికి ఏం ఇవ్వాలో కూడా తెలిసేది కాదు.

చీర తిరగేసి చూపించడం

పోచంపల్లి పేరు వచ్చింది కాబట్టి అక్కడి చీర దగ్గర కాసేపు ఆగుతాం. మేం అమ్మకం అంటున్నదేమిటో ఇక్కడ చెప్పినంత తేటగా ఇంకెక్కడా చెప్పలేం.

ఇక్కత్ చీరలో డిజైన్ బట్ట మీద అద్దేది కాదు. నేయక ముందే నూలును కొలత ప్రకారం పోసి, రంగు తగలకూడని చోటల్లా బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ ముంచుతారు. అదంతా అయ్యాకే మగ్గానికి ఎక్కిస్తారు. ఆ కట్టడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పే పని అది. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు ఆడాలి. తరతరాలుగా అది ఇంటి ఆడవాళ్ళ పని. తల్లి భుజాల నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంత కష్టం ఇమిడి ఉన్న చీరను పరిచి, ‘ఇది పట్టు, ఇది కాటన్’ అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే కొనేవాళ్ళకు కనిపించేది రంగూ రేటూ మాత్రమే. రేటు ఒక్కటే కనిపించినప్పుడు ఎవరైనా బేరమే ఆడతారు. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు.

మాలో ఒక నేత కుటుంబపు కోడలు ఎగ్జిబిషన్ స్టాల్లో ఎలా అమ్ముతుందో చూడండి. ఎవరైనా రాగానే చీరలు కుప్ప పొయ్యదు. ‘ఎవరి కోసమమ్మా? మీకేనా, పెట్టుబడికా?’ అని అడుగుతుంది. పెళ్ళికి పెట్టడానికైతే ఒక రకం తీస్తుంది, రోజూ ఆఫీసుకు కట్టుకోవడానికైతే ఇంకో రకం. ‘ఇదే డిజైన్ ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకే వస్తోంది కదా’ అంటుంది కొనడానికి వచ్చినామె. ఈ మాటకు చాలామంది నేతన్నలు నొచ్చుకుంటారు, లేదా గబుక్కున రేటు దించేస్తారు. ఈ కోడలు రెండూ చెయ్యదు. ‘వస్తదమ్మా, అది ప్రింటు. ఇది ఒక్కసారి తిరగేసి చూడున్రి’ అని కొంగు ఆమె చేతికే ఇస్తుంది. రెండువైపులా ఒకే రంగు, ఒకే పువ్వు. ‘రంగు నూలుకే ఎక్కింది, అందుకే లోపలి వైపు వెలిసినట్టుండదు. ఈ పువ్వు అంచు కొద్దిగ చెదిరినట్టున్నది చూసిన్రా? మగ్గం మీద దారం వెంట్రుకవాసి జరిగితే గట్లయితది. చేత్తో నేసినదానికి గదే గుర్తు.’ ఆ తరవాత రేటు చెబుతుంది. చెప్పి, మాట్లాడకుండా ఉంటుంది.

ఇందులో ఒక్క అబద్ధం లేదు, బతిమాలడం లేదు. లోపంలా కనిపించే చెదిరిన అంచును అసలుతనానికి గుర్తుగా చూపించింది. చేతిపని తెలిసిన మనిషి చెబితేనే ఆ మాటకు బరువు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005లోనే వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మంచిదే, ఆ పేరు విని జనం వస్తారు. వచ్చినవాళ్ళకు చీర తిరగేసి చూపించే మనిషి అక్కడ లేకపోతే చూసి ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు.

మేం అమ్మకం అంటున్నది ఇదే. ఎదుటివాళ్ళ అవసరం అడిగి పూర్తిగా వినాలి. మన దగ్గరున్నది దానికి సరిపోతుందా అని నిజాయితీగా చూసుకోవాలి. సరిపోకపోతే ఆ మాట చెప్పి, దొరికే చోటు చూపించాలి. సరిపోతే ముట్టుకోనిచ్చి, చూపించి, చెప్పాలి. ధర సాగదీయకుండా చెప్పాలి. కాదంటే ఎందుకు కాదో తెలుసుకోవాలి. కొన్నాక పది రోజులకు ‘ఎలా ఉందమ్మా?’ అని పలకరించాలి. ఈ చివరిది మనవాళ్ళు దాదాపు చెయ్యరు. కొన్నవాళ్ళ ఫోన్ నంబరైనా రాసుకోరు.

మొహమాటం

దళారి సంగతి తరవాత. ముందు మన ఇంట్లో ఉన్న మొహమాటం సంగతి తేల్చుకోవాలి.

జాకెట్లు కుట్టే ఆమె దగ్గరికి పక్కింటి పిన్ని వస్తుంది. లైనింగు, పైపింగు, వెనక డోరీలు, పైగా పండగ లోపు కావాలి. ‘ఎంతమ్మా?’ అంటే, ‘మీ దగ్గర ఎంత తీసుకుంటాను పిన్నీ, మీ ఇష్టం’ అంటుంది. పిన్ని ఇష్టం సగం రేటు దగ్గర ఆగుతుంది. పిన్ని చెడ్డమనిషేమీ కాదు. లైనింగు బట్ట ఖరీదు ఆవిడకు తెలియదు, హుక్కులు, కాజాలు కుట్టడానికి పట్టే సేపూ తెలియదు. తెలిసిన మనిషి చెప్పలేదు. కూరగాయల బండి దగ్గర అయిదు రూపాయల కోసం పావుగంట బేరమాడగలిగే ఆ నోరే తన పని దగ్గరికొచ్చేసరికి పడిపోయింది. మన కష్టానికి మనమే వెల చెప్పుకోవడం ఆశపోతుతనమని చిన్నప్పటి నుంచీ, ముఖ్యంగా ఆడపిల్లలకు, నూరిపోశారు. అందుకే ట్యూషన్ చెప్పే అమ్మాయి నెలల తరబడి రాని ఫీజు అడగలేదు. ఇంటిపని చేసే మనిషి, చుట్టాలొచ్చి అంట్లు రెట్టింపైనా జీతం మాట ఎత్తలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత చెప్పుకుంటాం, అడిగినవాళ్ళను వింతగా చూస్తాం.

దీనికి మా మొదటి పాఠం చాలా చిన్నది. రేట్లు రాసి గోడకు అంటించండి. సాదా జాకెట్ ఇంత, లైనింగుతో ఇంత, అర్జంటైతే ఇంత. గోడ మీది అంకె మొహమాటపడదు. పిన్నికి తగ్గించాలనిపిస్తే తప్పకుండా తగ్గించండి, కానీ ఎంత తగ్గించారో ఆవిడకు తెలిసేలా తగ్గించండి.

కళ్ళంలో, బజార్లో

గుంటూరు మిర్చి యార్డులో, వరంగల్ ఏనుమాముల మార్కెట్లో పద్ధతి వేరు. అక్కడ బస్తాలో చెయ్యి పెట్టి, కాయ విరిచి, రంగూ తేమా చూసి రేటు చెప్పేది వ్యాపారి. ఆ కొద్దిసేపట్లో మాటలతో మార్చగలిగేది తక్కువ. కాబట్టి మిర్చి రైతు అమ్మకం కళ్ళంలోనే మొదలవ్వాలి. తాలు కాయ ఏరి వేరే బస్తాకెత్తడం, చాలినంత ఎండబెట్టడం, తేజ కాయలో ఇంకో రకం కలవకుండా చూసుకోవడం, బయలుదేరేముందు రెండు మూడు మార్కెట్ల రేట్లు ఫోన్లో చూసుకోవడం, ఇవన్నీ అమ్మకంలో భాగాలే. 2016లో మొదలైన జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్, ఈ-నామ్, అందుకు పనికొస్తుంది. ఇంత చేసుకొచ్చిన రైతు ‘ఎందుకు తగ్గించారు?’ అని గట్టిగా అడగగలడు. చేసుకోని రైతు అడిగితే, వ్యాపారి బస్తాలోంచి తాలు కాయ తీసి చూపిస్తాడు.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. విత్తనాలకూ పురుగుమందులకూ కమీషన్ ఏజెంటు దగ్గర అప్పు తెచ్చుకున్న రైతు, సరుకు ఆ ఏజెంటు దగ్గరికే తీసుకుపోవాలి. అలాంటి రైతుకు మాట నేర్పు ఒక్కటే ఇచ్చి పంపితే అది అన్యాయం. అతనికి బ్యాంకు అప్పు కావాలి, కోల్డ్ స్టోరేజీలో చోటు కావాలి, గిట్టుబాటు ధర కావాలి. అమ్మే విద్య వీటికి బదులని మేం ఎన్నడూ అనం. ప్రభుత్వ బాధ్యత తప్పించడానికి ఎవరైనా మా మాటలు వాడుకుంటే మేమే అడ్డం పడతాం.

మాట నేర్పు ఎంత పని చేస్తుందో చూడాలంటే రైతు బజారుకు వెళ్ళండి. 1999లో ఇవి మొదలైనప్పటి నుంచీ రేట్లు బోర్డు మీదే రాస్తున్నారు. అంటే వంకాయలు ఎవరి దగ్గర కొన్నా ఒకటే రేటు. అయినా ఒక కుప్ప పొద్దెక్కకుండానే ఖాళీ అవుతుంది, పక్క కుప్ప వాడిపోయేదాకా ఉంటుంది. ఖాళీ అయినచోట ఏం జరిగిందో గమనించండి. పుచ్చులు ముందే తీసేసి ఉంటాయి. చిన్నవి ఒక పక్క, పెద్దవి ఒక పక్క పేర్చి ఉంటాయి. ‘ఇవి గుత్తికి, అవి వేపుడికి’ అని అమ్మే ఆమె అడక్కముందే చెబుతుంది. పోయినవారం కొన్నామెను గుర్తుపట్టి పలకరిస్తుంది. చివర్లో కరివేపాకు రెబ్బ కొసరు వేస్తుంది. రేటు మీద ఆమె చేతిలో ఏమీ లేదు. మిగతాదంతా ఆమె చేతిలోనే ఉంది.

ఉద్యోగాల దగ్గర

ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్లల్ని ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అంటే ఊరి పేరు, నాన్న ఉద్యోగం, మార్కుల శాతం, హాబీలు అప్పజెబుతారు. ఆ కంపెనీ ఏం చేస్తుందో, ఆ సీటులో కూర్చునే మనిషి ఏం చెయ్యాలో ముందుగా తెలుసుకుని రారు. ప్రాజెక్టులో తాము స్వయంగా చేసిన ముక్క ఏదో చెప్పరు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలైతే ఇంగ్లీషు భయంతో ఉన్న పనితనాన్ని కూడా దాచేసుకుంటారు. వాళ్ళకు మేం చెప్పేది ఇది: చేసిన పనిని ముందు తెలుగులో, రెండు నిమిషాల్లో, ఇంట్లో అమ్మకు అర్థమయ్యేలా చెప్పడం సాధన చెయ్యండి. ఎవరి ఇబ్బంది తీర్చడానికి చేశారు, ఏం అడ్డొచ్చింది, ఎలా దాటారు, చివరికి ఏమైంది. ఈ వరస గట్టిపడ్డాక ఇంగ్లీషులోకి తెచ్చుకోవచ్చు. చెప్పడమే రాకపోతే ఏ భాషా ఆదుకోదు. ‘జీతం ఎంత ఆశిస్తున్నారు?’ అంటే ‘మీరెంతిచ్చినా సరే సార్’ అనే జవాబును తెలుగు పిల్లల నోట వినపడకుండా చెయ్యాలన్నది మా పట్టుదల.

డబ్బు చేతులు మారని చోటా ఇదే విద్య. టీకా అంటే జంకే ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ జంకు ఎందుకో పూర్తిగా విన్నాకే నోరు విప్పే ఆశా కార్యకర్త చేస్తున్నది ఇదే. 2014లో మన దేశానికి పోలియో లేని దేశంగా గుర్తింపు వచ్చిందంటే, గుమ్మం గుమ్మం ఎక్కి ఒప్పించినవాళ్ళ ఓపిక అందులో ఉంది.

మేం ఒప్పుకోనివి

ఈ విద్యకు చెడ్డపేరు ఊరికే రాలేదని మాకు తెలుసు. ‘ఫిక్సెడ్ డిపాజిట్ లాంటిదే’ అని చెప్పి ముసలాయన చేత బీమా పాలసీ మీద సంతకం పెట్టించడం మోసం. పాలసీ అందిన 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చెయ్యవచ్చన్న హక్కును కొన్నవాళ్ళకు చెప్పని మనిషికి మాలో చోటు లేదు. ‘నువ్వు ఇద్దర్ని చేర్పించు, వాళ్ళు చెరో ఇద్దర్ని చేర్పిస్తారు’ అనే గొలుసు స్కీములు మాకు శత్రువులు. వాటిలో సరుకు పేరుకే, అమ్ముడుపోయేది చుట్టరికం. ఇలాంటి డబ్బు చలామణీ స్కీములను నిషేధిస్తూ 1978లోనే చట్టం వచ్చింది. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా పిరమిడ్ పద్ధతిని నిషేధించాయి. అయినా కొత్త పేర్లతో కల్యాణ మండపాల్లో మీటింగులు జరుగుతూనే ఉన్నాయి. అమ్మే విద్య తెలిసినవాళ్ళు అలాంటి మీటింగులో తమ మీద ఏ ఎత్తు వేస్తున్నారో పసిగట్టగలరు. ‘ఈ రోజే కడితేనే’ అన్న తొందర వినగానే లేచి వచ్చెయ్యగలరు. ఈ విద్యను అందరికీ నేర్పాలనడానికి ఇదొక్క కారణం చాలు.

మేం చేసేది, అడిగేది

ఊరూరా వారానికొక సాయంత్రం, బడి వరండాలోనో గ్రంథాలయంలోనో కూర్చుంటాం. ఒకరు తమ వస్తువునో పనినో అమ్మాలి, ఒకరు కొనేవాళ్ళుగా గట్టిగా ప్రశ్నించాలి, మిగతావాళ్ళు గమనించి చెప్పాలి. ఉపన్యాసాలుండవు. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక నోటుపుస్తకం ఉండాలి. ఎవరొచ్చారు, ఏమడిగారు, కొనకపోతే ఏమన్నారు, వాళ్ళన్నది వాళ్ళ మాటల్లోనే రాయాలి.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా చేతిపనుల దగ్గర నేర్చుకునే అవకాశం ఇవ్వాలంది. ఆ పది రోజుల్లో రెండు రోజులు సంతకో రైతు బజారుకో ఇవ్వమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాం. పిల్లలు చూసి రావడంతో సరిపెట్టకుండా, అమ్మేవాళ్ళ పక్కన నిలబడి తూచాలి, చిల్లర లెక్కపెట్టాలి, కాదన్న మాట వినాలి. ఐటీఐల్లో, పాలిటెక్నిక్కుల్లో, వెంకటగిరి చేనేత సాంకేతిక సంస్థ లాంటి చోట్ల, విద్యార్థి తన చేత్తో చేసిన వస్తువును ముక్కూ మొహం తెలియని మనిషికి అమ్మి వచ్చాకే చదువు పూర్తయినట్టు లెక్కించాలి. డ్వాక్రా సంఘాలకు అప్పు లెక్కలు నేర్పినంత శ్రద్ధగా అమ్మకం నేర్పాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం తోపుడుబండివాళ్ళ బతుకును గుర్తించింది. వాళ్ళకు తెలిసిన విద్యను కూడా గుర్తించి, గౌరవవేతనం ఇచ్చి వాళ్ళను బడికి గురువులుగా పిలవాలి.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. సేల్స్‌లో చేరిన పిల్లల్ని పదిమందిలో పరిచయం చేసేటప్పుడు గొంతు తగ్గించకండి.

సభ్యత్వానికి రుసుము లేదు, కొత్తవాళ్ళను చేర్పిస్తే కమీషనూ లేదు. చదువు, వయసు, ఊరు అడగం. అమ్మే వస్తువు గురించి తెలిసి అబద్ధం చెప్పనని అందరి ముందూ మాట ఇస్తే చాలు. మొదటి సమావేశానికి మీరు అమ్మదలుచుకున్న వస్తువు తెచ్చుకోండి. వస్తువు లేనివాళ్ళు మీకు బాగా వచ్చిన పని పేరు, దానికి మీరు అడగదలుచుకున్న ధర ఒక చీటీ మీద రాసుకుని రండి. రాయడం రానివాళ్ళు వచ్చి చెబితే పక్కనున్నవాళ్ళు రాసిపెడతారు.